విఠల్రావుగారు వేయించిన నీడ

మొన్న కోఠీలో ఒక దుకాణం ముందు కొత్త కిత్తాను గుడ్డ చుట్టలు దించుతున్నారు. ఆ మందపాటి గుడ్డ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. "ఏమిటత్తయ్యా, ఎండకు కళ్లు తిరుగుతున్నాయా?" అంది కోడలు. కాదన్నాను. మా వీధికి ఎండ తగలకుండా చేసిన మనిషి గుర్తొచ్చారు.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మావారికి హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. బందరు నుంచి వచ్చి నాంపల్లిలో కాపురం పెట్టాం. అమ్మ ఇచ్చిన కుట్టుమిషనుతో, స్టేషను నుంచి ఆబిడ్సుకు వెళ్లే ఒక వీధిలో నేను చిన్నపిల్లల బట్టల కొట్టు తెరిచాను. పక్క దుకాణం విఠల్రావుగారిది. మూడు తరాలుగా గొడుగులు అమ్మే కుటుంబం. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టుకుని ఏళ్లతరబడి అలాగే పెట్టుకున్నారు.

వేసవి వచ్చేసరికి, పదకొండు దాటితే మా వీధిలో మనిషి కనిపించేవాడు కాదు. రైలు దిగినవాళ్లు రిక్షా ఎక్కి నేరుగా ఆబిడ్సుకు పోయేవారు. తగిలించిన గౌన్లు తగిలించినట్టే వెలిసిపోతున్నాయి. ఒకరోజు పెద్ద అట్టమీద రంగులతో 'ధరలు తగ్గించాం' అని రాస్తుంటే విఠల్రావుగారు వచ్చి నిలబడ్డారు.

"ఎవరి కోసం రాస్తున్నవ్ బిడ్డా? చదివెటోళ్లు ఏరి?"

"ఎలాగోలా మా కొట్టుకి జనం రావాలి కదండీ."

"నీ దుకాణంకు ఎవ్వరు రారు, నా దుకాణంకు గూడ రారు. జనం సడక్ మీదికి వస్తరు. సడక్ మంచిగుంటె జర మన దిక్కు గూడ చూస్తరు."

ఆ మాట నాకు ఎక్కలేదు. కానీ ఆయన ఆ వారమంతా దుకాణం దుకాణం తిరిగారు. ప్రతి కొట్టు ముందూ కిత్తాను గుడ్డ పందిరి వేసి, పక్క పందిరితో కలిపి కుట్టేస్తే వీధి పొడవునా నీడే అని అందరికీ చెప్పారు. గుడ్డ అందరం కలిసి కొన్నది, కర్రలు కలప అడితివారివి, మంచినీళ్ల కుండలు హోటలువారివి, కుట్టుపని నాది. నా కొట్టుకు అవతలి పక్క పింగాణీ సామాను అమ్మే బాలయ్య సేటు పకపకా నవ్వాడు.

"ఛత్రీలమ్మెటోడివి, ఊరంత నీడ జేస్తె నీ ఛత్రీలెవరు కొంటరయ్యా?"

"వానకాలం లేదా సేటూ?" అన్నారు విఠల్రావుగారు. సేటు నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

పందిరి లేచిన పదిరోజులకే స్టేషను నుంచి జనం నడిచి రావడం మొదలుపెట్టారు. నీళ్లు తాగి, నీడలో నిలబడి, ఊరికే నిలబడలేక గౌను అంచు పట్టుకుని చూసేవారు. పట్టుకున్నవాళ్లలో కొందరు కొనేవారు. నాకు ఆయన మాట అప్పుడు అర్థమైంది.

అంతలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. నా కొట్టుకూ సేటు కొట్టుకూ మధ్య అతుకు ఫట్టున విడిపోయి, గుడ్డా కర్రా కలిసి సేటు బయట పేర్చిన కప్పుల మీద పడ్డాయి. ఆ చప్పుడుకి వీధంతా పోగైంది.

"ఎవరు కుట్టిన్రు గిది?" అని సేటు కేకలు. "పోరగాండ్ల అంగీలు కుట్టెటామెకు గింత పని చెప్తరా ఎవరన్న?"

తప్పు నాదే. మిగతా అన్నిచోట్లా రెండు వరసలు కుట్టి, తొందరలో అక్కడ ఒక్క వరసతో సరిపెట్టాను. ఏడుపు మింగుకుని ఆ సంగతే చెప్పాను. రేపటి నుంచి కొట్టు తెరవనని కూడా అన్నాను.

విఠల్రావుగారు కిందికి వంగి చితికిన పెంకులు ఏరుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "కుట్టు ఊడితె మల్ల కుట్టాలె. దుకాణమెందుకు బంద్ జేస్తవ్?" తరవాత సేటు వైపు తిరిగారు. "గుడ్డ అందరిది సేటూ. నీడల అందరం కూసున్నం. పగిలినయి గూడ అందరియి."

మర్నాడు పొద్దున ఒక్కొక్క కొట్టువారూ వచ్చి, అంచు విరిగిన కప్పులూ జత తప్పిన సాసర్లూ సేటు దగ్గర కొనుక్కుపోయారు. ఆ ఏడాది మా వీధిలో ఎవరి కొట్టుకెళ్లినా విరిగిన అంచు చూసుకుని మరీ చాయ్ తాగాల్సి వచ్చేది. నేను ఆ అతుకు మళ్లీ కుడుతుంటే, జారిపోకుండా గుడ్డ రెండో కొస పట్టుకుని కూర్చున్నది బాలయ్య సేటే. "గిప్పుడు మూడు వరసలెయ్యమ్మా" అన్నాడు, కోపం ఇంకా పోనట్టు మొహం పెట్టి.

ఆ తరవాత చాలా వేసవులు విఠల్రావుగారే పందిరి వేయించారు. మోకాళ్లు మొరాయించాక ఖైరతాబాదులో కూతురింటికి వెళ్లిపోయారు. చివరి రోజుల్లో చూడబోతే, తన నొప్పుల మాట ఎత్తకుండా వీధిలో ఒక్కొక్కరి పేరూ చెప్పి అడిగారు.

ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. అయినా నేను రోజూ పొద్దున్నే వెళ్తాను. మా తాళం తియ్యకముందే వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకసారి నడుస్తాను. వేళ దాటినా ఎవరి తలుపులైనా మూసి ఉంటే, వాళ్లింటికి వెళ్లి ఏమైందని అడిగి వస్తాను.