ఎన్నిస్‌లో ఎండ వచ్చిన రోజు

మా పాపకి సన్‌క్రీమ్ రాస్తుంటే ఆ వాసనకి అమ్మమ్మ గుర్తొచ్చింది.

నా ఏడో ఏట, ఒక జనవరిలో, అమ్మమ్మ గుంటూరు నుంచి ఐర్లండ్‌లో, ఎన్నిస్ ఊళ్లోని మా ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి స్వెటర్ మీద స్వెటర్. పెట్టెలో మాత్రం ఒక పల్చటి నేతచీర దాచుకుంది. “ఎండాకాలం రానీ బుజ్జీ, కట్టుకుంటా,” అనేది.

ఇక్కడ చలికాలానికీ ఎండాకాలానికీ పెద్ద తేడా ఉండదని నాకేం తెలుసు! రోజూ ఎదురుచూశాను. జూన్‌లో ఒక మధ్యాహ్నం ఇరవై డిగ్రీలకు చేరింది. పక్కింటి ఐరిష్ ఆంటీ “రోస్టింగ్ టుడే!” అంది. అమ్మ నాకు సన్‌క్రీమ్ రాసింది. నేను లోపలికి పరిగెత్తి, “అమ్మమ్మా, సమ్మర్ ఈజ్ హియర్!” అని అరిచాను.

గుంటూరులో అది డిసెంబరు తెల్లవారుజాము చలి. అయినా అమ్మమ్మ స్వెటర్లు తీసేసి, ఆ చీర కట్టుకుని, పెరట్లో నా పక్కన కూర్చుంది.

“చలేస్తుంది, లోపలికి రామ్మా,” అని అమ్మ పిలిచింది.

“చలేంటే? నా మనవరాలు పిలిచింది కదా, హాయిగా ఉంది.”

నేను నమ్మాను. సాయంత్రం దాకా ఆమెను కదలనివ్వలేదు.

ఆగస్టులో అమ్మమ్మ తిరిగి గుంటూరు వెళ్లిపోయింది. మళ్లీ రాలేకపోయింది. పెరట్లో కూర్చున్న ఆ పూట ఒక్కసారి ఆమె చేయి పట్టుకుని ఉంటే, ఎంత చల్లబడిపోయిందో నాకు తెలిసేది.