మా అత్త మాకు ఒక్క పూటా వండలేదు

మా అత్త పోయిందని ఆమె ఊరు జువ్వలదిన్నె నుంచి ఫోను వచ్చినప్పుడు నేను పనిచేసే మందుల షాపు వెనక గదిలో కూర్చుని క్యారియర్ విప్పుతున్నాను. అత్త అంటే నా భార్య తల్లి. రెండు రోజులు జ్వరమని పడుకుంది, ఆ పొద్దున ఇక లేవలేదు. అంతకు ముందు ఆదివారం మా గడప మీద చేపల గంప దించి కూర్చుని, ఇంత పచ్చి టమోటాలు ఎవరు కొనమన్నారని నన్ను నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిన మనిషి. ఫోను పెట్టేశాను. క్యారియర్ మూత మళ్ళీ బిగించి, పిల్లల్ని తీసుకురావడానికి బడికి బయల్దేరాను.

జువ్వలదిన్నెలో ఇంటినిండా జనం. అందరి నోటా ఒకటే మాట. "తల్లిలేని పిల్లలకి ఇన్నేళ్ళూ వండిపెట్టి సాకినాది మహాతల్లి." కావలిలో మా వీధివాళ్ళూ అదే అన్నారు. షాపు ఓనరు గారూ అదే అన్నారు. అన్నవాళ్ళందరికీ తల ఊపాను. అలవాటైపోయిన ఊపు అది. కానీ నిజం వేరు. మా అత్త మా ఇంట్లో ఒక్క పూటా వండలేదు. పొయ్యి వెలిగించలేదు, గరిటె ముట్టలేదు. ఆమె గొప్పతనమంతా అందులోనే ఉంది. ఆ సంగతి నాతోనే పోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా భార్య పోయేనాటికి మా పెద్దమ్మాయి రెండో తరగతి. చిన్నదాన్ని అప్పుడే బడిలో వేశాం. నాకు టీ పెట్టుకోవడం కూడా సరిగా రాదు. ఎనిమిదిన్నరకి పిల్లల్ని బడిలో దింపి, తొమ్మిదికల్లా షాపు తెరవాలి. పెద్దకర్మ నాడు బంధువులంతా కూర్చుని మా సంగతి తేల్చడానికి పూనుకున్నారు. కోవూరులో ఉండే మా అక్క, చిన్నదాన్ని తనతో తీసుకుపోతానంది. పెద్దదాన్ని హాస్టల్లో వేయమని ఇంకొకాయన సలహా. ఎవరూ చెడ్డ మనసుతో అనలేదు. కానీ అమ్మ పోయిన పిల్లలు ఇప్పుడు ఒకరికొకరు కూడా కాకుండా పోతారని నాకు భయమేసింది. కాదందామంటే, రేపు పొద్దున వాళ్ళకేం పెడతావని అడిగితే ఏం చెప్పను?

అప్పుడు మూల నుంచి మా అత్త లేచింది. "పిల్లోళ్ళు యాడికీ పోరు. నేను వండిపెడతా. దినామూ చేపలెత్తుకోని కావలికొచ్చేదాన్నే గదా" అంది. ఇక ఎవరూ ఎదురు చెప్పలేదు. మా అక్క కూడా, "పెద్దామె ఉంటే నాకు దిగుల్లేదు" అని బస్సెక్కింది.

మర్నాడు పొద్దున అన్నమాట ప్రకారం షేర్ ఆటోలో వచ్చింది. గంప దించింది. గడప మీద కూర్చుంది. లోపలికి వస్తుందని చూస్తున్నాను. రాలేదు.

"చూస్తావేంది అబ్బయ్యా? లేసి ఎసరు పెట్టు" అంది.

"నువ్వు వండతానన్నావు గదా అత్తా?"

"వాళ్ళ నోరు మూయించేదానికి అన్నా. నేను వండితే నేనుండేదాకా తింటారు. ఆ తర్వాత? ఎవురన్నా అడిగితే నేనే వండతన్నానని చెప్పు. మగోడు వండతన్నాడంటే ఒక్కరు గూడా నమ్మరు. మళ్ళా పిల్లోళ్ళ కోసం దిగబడతారు. నేను బతికుండగా ఈ మాట బైట పెట్టబాక."

అలా మొదలైంది నా వంట. గడప అవతల ఆమె, ఇవతల నేను, మధ్యలో నిద్రమొహాలతో పిల్లలు. మొదటిరోజు అన్నం అడుగంటింది. పప్పు ఉడకలేదు. పిల్లల చేతికి అరటిపండ్లిచ్చి బడికి పంపాను. "రేపు రెండు గలాసులకి నాలుగు గలాసుల నీళ్ళు, అంతకంటే ఏం లేదు" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఓదార్పు లాంటివి ఆమె దగ్గర దొరకవు.

ఆమె పద్ధతి పుట్టింది ఆమె బతుకులోంచే. నా భార్య చంకపిల్లగా ఉన్నప్పుడే మా మామ పోయాడు. పొద్దున్నే సముద్రం ఒడ్డున చేపల వేలం, తర్వాత కావలి వీధులు, తిరిగొచ్చేసరికి ఆకలితో కూతురు. పొయ్యి దగ్గర తీరిగ్గా కూర్చునే యోగం ఆమెకి ఎప్పుడూ లేదు. అందుకని ఏ పని ముందు, ఏ పని వెనక అన్నదే ఆమెకి వంట. "పొయ్యి పనిచేస్తా ఉంటే నువ్వెందుకు నిలబడుండావు? పోయి పిల్లకి జడెయ్యి" అనేది. కుక్కర్లో అడుగున బియ్యం, పైన గిన్నెలో కందిపప్పు, టమోటా, ఏదో ఒక ఆకుకూర. విజిళ్ళు వచ్చేలోపల నా స్నానం, పిల్లల జడలు అయిపోవాలి. తాలింపు ఒక్కటే మన చేతి పని. చింతపండు ఆదివారమే ఉడకబెట్టి గుజ్జు తీసి సీసాలో పెట్టించింది. దోశపిండి ఒకసారి రుబ్బితే రెండు మూడు పూటలు, మీద పూయడానికి ఎర్రకారం ఎప్పుడూ సిద్ధం. ఎండు రొయ్యలు వేయించి, మిరపకాయలు, వెల్లుల్లి వేసి పొడి కొట్టించింది. ఏమీ చేయలేని సాయంత్రం వేడన్నంలో ఆ పొడి, కాస్త నూనె. పిల్లలకి అదే పండగ.

చేపల పులుసు మాత్రం ఒక ఆదివారం దాకా ఆపింది. గంపలోంచి కానాగంత చేపలు తీసి, వీధి కుళాయి దగ్గర తనే కడిగి ఇచ్చింది. కడగడం వంట కాదని ఆమె లెక్క. నేను పులుసు కాచి, ముక్కలు వేసి, అడుగంటుతుందేమోనన్న భయంతో గరిటెతో బాగా కలియతిప్పాను. చూసేసరికి దబరగిన్నెలో ముల్లు వేరు, కండ వేరు.

"చేపలు వండమన్నా అబ్బయ్యా, రుబ్బమన్లా" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్ళ అమ్మ పోయాక ఆ ఇంట్లో అంత నవ్వు వినడం అదే మొదలు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదని, గుడ్డతో దబర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిలించాలని అప్పుడు చెప్పింది. "సాయంత్రం కాచి పెట్టు, రేపు తిను. పులుసుకి రుచి, నీకు పొద్దున పని తక్కువ" అంది. మన నెల్లూరోళ్ళు మర్నాటి పులుసు కోసం ఎందుకు పడిచస్తారో తినడం దాకానే తెలిసిన నాకు, పొద్దున హడావుడిలో దాని ఇంకో ఉపయోగం అప్పుడు తెలిసింది.

ఒక్క విషయంలో ఆమె తొందరపడనిచ్చేది కాదు. ముగ్గురం కింద కూర్చునే తినాలి. ఒకరోజు చిన్నదానికి బూట్లు తొడుగుతూ నోట్లో ముద్దలు కుక్కుతుంటే గడప మీంచి గట్టిగా అరిచింది. "వండేది గబగబా వండు. తినేది నిదానంగా తినండి. దానికోసమేరా ఇదంతా!" ఆ రోజు బడికి ఆలస్యమైంది. టీచరు దగ్గర నేను తిట్లు తిన్నాను. అయినా ఆ మాట మాత్రం వదల్లేదు.

కొన్నాళ్ళకి నాకు చెయ్యి తిరిగింది. ఎదురింటి అక్క ఒకసారి మా వంకాయ కూర రుచి చూసి, "ఏం చెయ్యి పెద్దమ్మా నీది!" అని మెచ్చుకుంటే, మా అత్త రెప్ప కూడా ఆర్పకుండా, "ఆఁ, మా అమ్మ నేర్పించినాది" అంది. నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే లేచి తరిగిందీ వేయించిందీ నేను! నాతో మాత్రం ఒక్కనాడూ బాగుందని అనలేదు. అరచేతిలో కాస్త పెట్టించుకుని నాకి, "ఊఁ, తినొచ్చు" అనేది. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు. రోజూ సాయంత్రం షాపులో ఉండగా నాకు ఫోన్ చేసి, "పెద్దదానికి ఇయ్యి" అనేది. బడి అయ్యాక పిల్లలు వెనక గదిలోనే కూర్చుని చదువుకునేవాళ్ళు. చదువు సంగతులేమో అనుకునేవాణ్ణి.

మొన్న మూడోరోజు కార్యం అయ్యాక జువ్వలదిన్నెలో ఆమె వసారాలో కూర్చున్నాం. మళ్ళీ పాత ప్రశ్నే వచ్చింది. "ఇన్నాళ్ళు పెద్దామె వండిపెట్టినాది. ఇంక ఈ పిల్లోళ్ళ గతేంది?" అని ఒక ముసలాయన. మా అక్క కళ్ళు తుడుచుకుని, "చిన్నదాన్ని నేను తీసకబోతాలే" అంది. చిన్నది నా చొక్కా పట్టుకుంది.

"వద్దక్కా. మా ఇంట్లో వండేది నేనే. మొదట్నించీ నేనే. అత్త ఒక్క పూట గూడా వండలా" అన్నాను.

మా అక్కకి కోపం వచ్చింది. "ఏం మాటలురా అవి? పోయిన మనిషి పెట్టిన కూడు తిని అట్టా అంటావా?"

"నిజమే అత్తా. నాన్నే వండతాడు. నేను వెల్లుల్లి ఒలస్తా" అంది పెద్దది మేనత్తతో.

అక్క నా వంకా దాని వంకా చూసింది. "మరి పెద్దామె నాకు ఎప్పుడూ ఫోన్ జేసి చెప్పేదే! ఈ పొద్దు పప్పు చేసినా, ఈ పొద్దు గుడ్ల పులుసు చేసినా, పిల్లోళ్ళు రెండోసారి పెట్టించుకోని తిన్నారు అని?"

"సాయంత్రం ఫోన్ జేసి నన్నడిగేది. ఏం చేసినాడు మీ నాన్న, ఎట్టుండాది, ఎంత తిన్నారు అని. అన్నీ అడిగేది" అంది పెద్దది.

అక్క లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. చిన్నదాన్ని తీసుకుపోయే మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఒకసారి ఏమన్నాదో తెలుసునా? 'ఈ పొద్దు చేపల పులుసు నాకంటే బాగా చేసినాను' అన్నాది. నేను నవ్వుకున్నారా. వయసైపోయినాది, ఏదో మాట్లాడతాందిలే అనుకున్నా" అంది అక్క.

నేను తలెత్తలేకపోయాను. పిల్లలు చెరో పక్కన ఆనుకుని ఉన్నారు. జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతున్నారు. అక్క ఒక్కొక్క ఫోనూ గుర్తు చేసుకుంటూ, రొయ్యల పొడి గురించి ఏమన్నదీ, దోశల గురించి ఏమన్నదీ చెబుతోంది. అక్క ఆగిన ప్రతిసారీ నేను అడుగుతున్నాను.

"ఇంకా ఏమన్నాది అక్కా?"