పసుపు పెట్టిన హెల్ప్ పుస్తకం

మా మరిది హైదరాబాదుల కొలువు ఇడిసిపెట్టి, మెదక్‌ల మా ఇంటి మీది అర్రల కూసోని, ఎరువుల దుకాణాలకు బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేసిండు. అప్పుడు తెలంగాణ కోసం బందులు, సమ్మెలు జోరుగ నడుస్తున్నయి. బస్సు ఎప్పుడొస్తదో, కరెంటు ఎప్పుడు పోతదో ఎవలకు తెల్వదు.

అందరికన్న ముందు తీసుకున్నది మెదక్ మార్కెట్ కాడి సేటు. నర్సాపూర్‌ల ఇంకో సేటు కూడ తీసుకుంటనన్నడు గని, ఒక మాట పెట్టిండు. మెదక్ దుకాణం మా మరిదిని పిలువకుంట ఒక వారం నడువాలె. నడిస్తే ఆయన తీసుకుంటడు, ఆయనను చూసి కౌడిపల్లోళ్లు తీసుకుంటరు. నడువకుంటే మరిది మళ్ల పాత కొలువుకే పోవాలె. పాత మేనేజరు వానకాలం అయ్యేదాక కుర్చీ ఆపుతనన్నడట.

సాఫ్ట్‌వేర్ల వంక లేదు. గని మెదక్ దుకాణం గుమాస్తాకు ఏం అడ్డం పడ్డా ఫోన్ కొట్టుడే. రైతు బస్తా వాపస్ తెస్తే ఫోన్. ఒకనికి రాసిన యూరియా ఇంకొకని పేరు మీద పడితే ఫోన్. మా మరిది అన్నంల చెయ్యి కడుక్కోని ఉరుకుడు.

ఇట్ల కాదని, ఏ పని ఎట్ల చెయ్యాల్నో అంత తెలుగుల రాసిండు. దాన్ని హెల్ప్ అంటరట.

"వదినా, రాసుడు ఒక్కపారే. ఒక బటన్ నొక్కితే పుస్తకమైతది. ఇంకోటి నొక్కితే కంప్యూటర్లనే తెరుసుకుంటది. ఇంకోటి నొక్కితే ఇంటర్నెట్ల పెట్టొచ్చు" అన్నడు.

నాకు సమజైంది. పిండి ఒకటే, రొట్టె చేస్తవా, సర్వపిండి చేస్తవా. తినేటోళ్లు ఎవలో చూసుకో మరి అన్న. చూసుకున్న అన్నడు. చూసుకోలే.

ఆ దుకాణంల ఇంటర్నెట్ లేదు, అది పక్కకు పోయింది. కంప్యూటర్ల తెరుసుకునేది పెట్టిండు. గుమాస్తా మీట నొక్కంగనే హెల్ప్ వచ్చి బిల్లు మీద కూసుంది. కింద బిల్లు కనవడక, పోయిందనుకోని ఆయన మళ్ల కొట్టిండు. రైతుకు ఒక బస్తా, రెండు బిల్లులు. అది సరిచేసి వచ్చిండో లేదో కరెంటు పోయింది. రైతులు వరుసల నిలవడ్డరు, కంప్యూటర్ తోని హెల్ప్ కూడ పోయింది. కరెంటు పోతే ఏం చెయ్యాల్నో కూడ అండ్లనే ఉండె. అప్పుడు పుస్తకం బటన్ నొక్కిండు.

హైదరాబాదుల అచ్చు ఏపిద్దమంటే బస్సుల్లేవు. మెదక్‌ల పెండ్లి కార్డులు కొట్టే ప్రెస్సుకు ఇచ్చిండు. ఆయన అలవాటు కొద్ది అట్ట మీద బంగారు రంగు గణపతిని కొట్టిండు. పుస్తకాలు ఇంటికి రాంగనే మా అత్త అన్నిటికి నాలుగు మూలల పసుపు పెట్టింది. ఏందమ్మా ఇది అని మరిది అంటే, ప్రెస్సు కాడికెల్లి వచ్చినయి ఉత్తగ బయటికి పంపుతరా అన్నది. నేనే గిన్నె పట్టుకున్న.

దుకాణంల ఇస్తే సేటు రెండు చేతులతోని తీసుకోని, కండ్లకద్దుకోని, గల్లపెట్టె మీది దేవుని పటాల పక్కకు పెట్టిండు. ఊదుబత్తి ముట్టించిండు. పుస్తకానికి రోజూ పూజ అయితుంది. ఫోన్లు వస్తనే ఉన్నయి. జర తెరిచి చూడరాదే అని మా మరిది గుమాస్తాను అడిగితే, ఎరువు చేతులతోని దాన్నెట్ల ముడుత సారూ అన్నడు. పోనీ వాపస్ ఇయ్యిండ్రి అంటే సేటు మొఖం మాడ్చుకున్నడు. దేవుని కాడ పెట్టినంక తీసుడు ఉండదన్నడు.

మరిది మళ్ల ప్రెస్సుకు పోయిండు. గణపతి వద్దు, రంగు వద్దు, తెల్ల కాయితం మీద నల్లగ కొట్టమన్నడు. ప్రెస్సాయన వద్దనే చెప్పిండట, మావోడు ఇనలే. ఈపారి అత్త గిన్నె తియ్యలే, ఆ కాయితాల దిక్కే చూడలే. దుకాణంకు తీస్కపోతే సేటు కుర్చీల కెల్లి లేచిండు.

"ఎవలు పోయిండ్రు? ఎప్పుడు దినం?"

మరిది ఇది చావు కార్డు కాదు, హెల్ప్ అని చెప్పిండు. అయితే బయట పెట్టుండ్రి అన్నడు సేటు. మొఖం కడుక్కోని వచ్చి మళ్ల కుర్చీల కూసున్నడు.

ఆ దినం మరిది అన్నం తినలే. కొలువుకు పోతనని సంచి కూడ దించిండు. మా అత్త చూసీ చూడనట్టు బియ్యం ఏరుకుంట కూసుంది. పొద్దుగూకంగ ప్రెస్సాయనే ఇంటికి వచ్చిండు. పసుప్పచ్చ కాయితం ఉందని, ఆకుపచ్చ రంగు ఉందని, అది అటు పెండ్లీ కాదు, ఇటు దినమూ కాదని చెప్పిండు. మరిది సంచి అట్లనే ఉంచి ఆయన ఎంట పోయిండు. పుస్తకం లెక్క కుట్టకుంట, ఒక్కో పనికి ఒక్కో కాయితం కొట్టిచ్చి, ప్లాస్టిక్ తొడిగి, మూలకు తొర్ర చేసి, సుతిలి తాడు కట్టి కంప్యూటర్ పక్క గోడ మొలకు ఏలాడదీసిండు. సేటు కింది నుంచి మీదికి చూసి, ఉండనీ అన్నడు.

ఇగ వారం మొదలైంది. ఫోన్ మోగలే. మా మరిదికి అదొక పరేషాన్. ఫోన్ పనిచేస్తలేదని నా ఫోన్ కెల్లి కొట్టి చూసుకున్నడు. మోగింది. పనిచేస్తుందని ఇంక పరేషాన్ అయిండు. నడుమ ఒక దినం ఆగలేక హెల్మెట్ పెట్టుకోని పోయి దుకాణంలకు తొంగి చూసి వచ్చిండు.

"వదినా, వాపస్ కాయితం మీద నల్లగ ఏలి ముద్రలున్నయి" అన్నడు. మస్తు కుషీగ ఉన్నడు. నేను ఆయన మొఖం అట్ల చూసి మస్తు దినాలైంది.

వారం నిండినంక నర్సాపూర్ సేటు ఈ గుమాస్తాకే ఫోన్ చేసి అడిగిండట. నడుస్తుందని చెప్పిండట గుమాస్తా. ఇగ ఆ సేటు మా మరిదికి ఫోన్ చేసి, సాఫ్ట్‌వేర్ తీసుకోని రమ్మన్నడు. పచ్చ కాయితాలు తెండ్రి, గణపతి పుస్తకం కూడ ఒకటి తెండ్రి, మాది కొత్త దుకాణం అన్నడు.

మరిది మేనేజరుకు ఫోన్ కొట్టి, కుర్చీ ఎవలకన్న ఇయ్యుమని చెప్పిండు. బస్సుల కోసం చూడలే, బండి తీసిండు. మా అత్త తినిపొమ్మన్నది. నిలవడే తిన్నడు.