విరగని కుర్చీ మీద డాక్టరేటు

మెటీరియల్స్ ఇంజినీరింగ్ చదివితే చదివింది గానీ, ఆ పిల్లకి పాడు అలవాటొకటి అంటుకుంది. కనబడిన ప్రతిదాన్నీ గోటితో కొట్టి చప్పుడు వినేది. గొళ్ళెం, బస్సు కడ్డీ, ఏదీ వదిలేది కాదు. కప్పు చేతికిస్తే ముందు కొట్టి విని, ఆ తర్వాతే తాగేది. అందుకే అందరూ టకటక అని పిలిచేవారు.

విమానం ఇంజన్ల కోసం ఎంత వేడికీ లొంగని లోహం తయారుచేయాలని ఆమె కల. అన్నం కూడా సహించనివ్వని కల. అందుకోసమే డాక్టరేటు సీటు ఇంటర్వ్యూకి వెళ్ళింది. పరిశోధనశాల పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, "అయిదేళ్ళలో ఏం సాధించాలనుకుంటున్నావమ్మా?" అని అడిగారు.

కుర్చీ కిర్రుమంది. బట్టీపట్టిన జవాబు కాస్తా ఎగిరిపోయింది. టకటక బల్ల కిందకి దూరి, ఆయన వెనకాల తేలింది.

"లేవండి సార్! ఇదిగో, వీపు అతుకు దగ్గర పగులుంది. విరిగిపోతుంది."

"ఎప్పుడు?"

"అది పరిశోధిస్తే గానీ చెప్పలేం సార్."

నోరు మూసుకుని ఉండొచ్చుగా, మహాతల్లి! సీటు ఇచ్చారు. పరిశోధనాంశం మాత్రం ఆ కుర్చీ.

ఇసుక బస్తాని ఎత్తి కుర్చీలో దించే యంత్రం ఒకటి తయారుచేసింది. బస్తా కూర్చునేది, లేచేది, మళ్ళీ కూర్చునేది. తోటివాళ్ళు విమానాలూ బ్యాటరీలూ అంటూ పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఏళ్ళు గడిచాయి గానీ పగులు వెంట్రుకవాసి కూడా పెరగలేదు. "విరగవే తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని కుర్చీని బతిమాలుకునేది పాపం.

పెద్దసారు పరిస్థితీ అంతే. పాత కుర్చీ విరిగిందని రుజువు లేనిదే కొత్తది ఇవ్వనంది ఆఫీసు. నిలబడే సంతకాలు పెట్టేవారు.

"ఈ నెలాఖరులోగా విరగకపోతే నీకు పట్టా లేదు, నాకు కుర్చీ లేదు," అన్నారాయన ఒకరోజు, మోకాళ్ళు పట్టుకుని.

నెలాఖరు రోజు టకటక బస్తాని పైకెత్తి, యంత్రం ఆపి, గోడకానుకుని దిగాలుగా నిలబడింది. అంతలో తల్లి అన్నం డబ్బాతో మెట్లెక్కి వచ్చింది.

"ఫోనెత్తవు, తిన్నావో లేదో చెప్పవు. అబ్బా, నా నడుము!" అంటూ ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడి, హాయిగా వెనక్కి వాలింది.

ఫెళ్ళుమంది! వీపు ఊడి, కుర్చీతో సహా తల్లి నేల మీద పడింది.

"అమ్మా! కదలకు!"

తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకేం కాలేదే. నా కోసం ఎంత అల్లాడిపోయావే!"

టకటక మొహం మాడిపోయింది. అరిచింది అమ్మ కోసం కాదు. విరిగిన అంచు అమ్మ మోచెయ్యి పక్కనే ఉంది, రాసుకుంటే పగులు నడిచిన గుర్తులన్నీ చెరిగిపోతాయి. కుర్చీ సరిగ్గా తను చెప్పిన చోటే విరిగింది. మనిషన్నాక వెనక్కి వాలతాడు, ఇసుక బస్తా వాలదు. ఇంత చదువూ చదివి, ఇన్నేళ్ళూ ఆ సంగతే తట్టలేదు.

కెమెరా తీసింది. సిగ్గుకో సంతోషానికో, కళ్ళు ధారలు కట్టాయి.

"ఇక లేవనా?" అంది తల్లి.

"ఒక్క నిమిషం అమ్మా."

"నిమిషమేం ఖర్మ, గంటైనా ఇలాగే పడుంటాను. నువ్వు ఏడవకు."