జిరాక్స్‌లో లేని రెండు వాక్యాలు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. మనుషుల మాటనూ అంతగా నమ్మను. అందుకే చేతికొచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్స్ తీసి పెట్టుకుంటాను.

మాది శ్రీరాంపూర్; అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వకు కడుపు ఉబ్బి నీరు చేరితే, కరీంనగర్‌లో ఒక డాక్టరు తల కూడా ఎత్తకుండా గ్యాస్ అన్నాడు. రెండో ఆయన టీబీ అని మందులు రాశాడు. ఎందుకు తగ్గడం లేదని అడిగితే, "డాక్టరువు నువ్వా, నేనా?" అన్నాడు. ఇద్దరి మీదా పేరు పెట్టి ఫిర్యాదు రాశాను; ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

ఇక హైదరాబాద్ పోదామని, పొద్దున్నే కరీంనగర్ బస్టాండ్ ఎదురుగా కేసు షీటు మొత్తం జిరాక్స్ తీయించాను. అసలు కాగితాలున్న సంచిని బస్సులో ఒడిలోంచి దించలేదు.

మధ్యాహ్నం హైదరాబాద్ ఆసుపత్రిలో డాక్టరమ్మ కేసు షీటు చివరి పేజీ దగ్గర ఆగింది.

"గీ ముచ్చట ముందే చెప్పాలె గదా," అంది.

ఇంగ్లీషు రాతల కింద, నీలం సిరాతో, తెలుగులో రెండు వాక్యాలున్నాయి. 'భర్త పని బట్టలు రోజూ దులిపేది. పిల్లవాణ్ణి లోపల పెట్టి గడియ వేసేది.'

గడియ సంగతి నాకు తెలుసు. ఆ కోపం అవ్వ మీద ఇన్నేళ్లూ ఉంది. దులపడం తెలియదు.

బాపు బతికున్నప్పుడు బాయిలర్ షెడ్డులో పైపులకు ఆస్బెస్టాస్ తాడు చుట్టేవాడు. ఆ పొడి పీల్చినవాళ్లకు ఎన్నో ఏళ్ల తర్వాత కడుపు లోపలి పొరకు అరుదైన క్యాన్సర్ రావచ్చని, చూడడానికి టీబీలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ముక్క తీసి పరీక్షిస్తే అదేనని తేలింది. గడ్డలు తీసేసి, వేడి చేసిన క్యాన్సర్ మందుతో కడుపు లోపల కడిగారు. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్‌కు వీలుండేది కాదన్నారు.

అవ్వ కోలుకున్నాక ఆ వాక్యాలు చదివి వినిపించాను.

"నీకెవరు చెప్పిండ్రు?" అంది. "గా తెల్ల దుమ్ము నీ మీద పడొద్దని గడియ పెడుతుంటి. నేనెవ్వరికీ చెప్పలే."

"నాకు చెప్తే ఏమైతుండె?"

"చెప్తే మీ బాపు మీద గూడ ఒక అర్జీ రాస్తుంటివి."

కరీంనగర్ వెళ్లి డాక్టర్లను, నర్సులను అందరినీ అడిగాను. ఆ చేతిరాత ఎవరిదీ కాదు. బాపుకు సంతకం తప్ప రాయడం రాదు. నా జిరాక్స్‌లో ఆ చోటు తెల్లగానే ఉంది.

అవ్వ ఇప్పుడు స్కానింగ్‌లకు వెళ్లి వస్తోంది. ఆ పేజీ అసలూ, జిరాక్సూ ఫైల్లో పక్కపక్కనే ఉన్నాయి. ఇంతమంది మీద పేరు పెట్టి ఫిర్యాదులు రాసినవాణ్ణి, ఒక్క కృతజ్ఞత ఉత్తరం రాద్దామంటే పైన ఎవరి పేరు రాయాలో ఇప్పటికీ తెలియడం లేదు.