మదురై వైపు నుంచి వచ్చిన చుట్టం

ఇటలీ దక్షిణాన కొన్ని పల్లెల్లో ఇప్పటికీ గ్రీకు మాట్లాడతారట. ఎప్పుడో సముద్రం దాటి వచ్చినవాళ్ళ సంతతి. ఈమధ్య ఈ సంగతి చదివినప్పుడు నాకు మా నాయన అనుమానం గుర్తొచ్చింది.

డెబ్భైల చివర నేను ఆత్మకూరులో టీచరుగా చేస్తూ శనివారాలు ఉదయగిరికి ఇంటికి వచ్చేదాన్ని. ఒకసారి బస్సులో వెనక సీటాయన "మీ ఇంటిపేరు ఏమమ్మా?" అని మొదలుపెట్టాడు. తెలుగే, రాగం మాత్రం అరవం. మదురై దగ్గర పల్లెట. వాళ్ళ పెద్దలు వందల ఏళ్ళ కిందట ఉదయగిరి కొండ కిందనుంచే వలసపోయారట. నేను మా ఇంటిపేరు చెప్పీ చెప్పగానే "మాదీ అదే" అన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి చుట్టరికం కలిపితే ఎవరు నమ్ముతారు? నేను నమ్మలేదు. అయినా ఇంటిదాకా వెంట వచ్చాడు.

"మా అమ్మ మంచాన ఉంది. అక్కడ మనవాళ్ళు ఎవరన్నా మిగిలిరా, చూసి రమ్మనె" అన్నాడు.

నాయన అతన్ని అరుగు మీదే ఉంచి నన్ను లోపలికి పిలిచాడు. "నిధికోసం వచ్చినాడో, భూమిలో వాటాకి వచ్చినాడో. నీకు చదువుండాది గానీ బుద్ధి లేదమ్మే." కొండమీది కోటలో తవ్వుకోవడానికి వచ్చేవాళ్ళు మాకు కొత్త కాదు. కానీ మా మెట్టచేలో వాటాకు మదురై నుంచి ఎవడొస్తాడు?

నాయన బయటికొచ్చి ఇంటిదేవుడు ఎవరు, పెళ్ళిలో ఏం చేస్తారు అని పరీక్ష పెట్టాడు. అతను కొన్ని చెప్పాడు, కొన్నిటికి నీళ్ళు నమిలాడు. "ఎవురో నేర్పించి పంపినారు" అన్నాడు నాయన, అతని ముందే. నాకు సిగ్గేసింది. అలాగని నేను అతని సంచీ మీదనుంచి కన్నూ తీయలేదు.

గడప దగ్గర కూచున్న మా అవ్వ అడిగింది: "పెద్దలకు పెట్టుకునేనాడు ఇస్తర్లు ఎట్టా ఏస్తారు నాయనా?"

"చచ్చిపోయినవాళ్ళకు వేసినాక, ఉత్తరం దిక్కున ఒకటి వేస్తాము అవ్వా. ఇక్కడ ఉండిపోయినవాళ్ళకు. వాళ్ళకు పెట్టే దిక్కు ఉండదని."

మేమూ ఒకటి ఎక్కువే వేస్తాం, దక్షిణం వైపు, వెళ్ళిపోయినవాళ్ళకని. దారిలోనే పోయుంటారని మావాళ్ళ నమ్మకం. ఈ సంగతి గడప దాటి చెప్పుకోం. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ అతన్ని లోపలికి పిలిచి అన్నం పెట్టింది. తర్వాత నాయన బస్టాండు దాకా వెంట బయల్దేరాడు. సాగనంపడానికో, కొండవైపు తిరగకుండా చూడ్డానికో. అవ్వ వాకిట్లోకి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"మీయమ్మతో చెప్పు నాయనా. ఇంక మాకు ఇస్తరి ఎయ్యొద్దని. మేం బతికే ఉండాం."