మామయ్య ఫ్లాపీ, బావగారి కంప్యూటరు

మొన్న బ్యాంకు పని మీద ఒక కాగితం ప్రింటు తీయించుకుందామని వీధి చివరి జిరాక్సు షాపుకి వెళ్లి ఫోన్లోంచి పంపితే, అక్కడి అమ్మాయి తెర వంక చూసి, "మా సిస్టంలో ఓపెన్ అవట్లేదు మేడం, మీ ఫోన్లోనే ఏదో ప్రాబ్లం" అంది. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. అయినా ఆ "మీ దాంట్లోనే" అన్న మాట చెవిన పడగానే నా నోరంతా చేదయింది. ఫ్లాపీలతో వేగిన నా ఈడువాళ్లకి ఆ చేదు తెలిసే ఉంటుంది.

తొంభైల చివర్లో నేను ఒంగోల్లో మా అక్క వాళ్లింట్లో ఉంటూ, ముందు గదిలో మా బావగారు పెట్టిన డీటీపీ సెంటర్లో టైపు చేసేదాన్ని. పెళ్లి శుభలేఖలు, గ్రానైటు కంపెనీల లెటర్‌హెడ్లు, కరపత్రాలు, అన్నీ ఒక్క కంప్యూటరు మీదే. దానికొక రోగం ఉండేది. బయటివాళ్లు తెచ్చిన ఫ్లాపీ అది చదవదు; అది రాసిచ్చిన ఫ్లాపీని బయట ఏ కంప్యూటరూ చదవదు. లోపలికి నెట్టగానే గరగరమంటూ కాసేపు పళ్లు నూరి, చివరికి ఫార్మాట్ చేయమంటారా అని సిగ్గులేకుండా అడిగేది.

మా పెద్దమామయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఒంగోలు గిత్తల మీద చిన్న పుస్తకం రాశారు. గిత్తని ఎలా ఎంచుకోవాలి, మెడ మీద కాడి పుండు పడితే ఏం పూయాలి, ఎండాకాలం దాణా ఎలా కలపాలి, ఇలాంటివన్నీ. ఆ వేసవంతా ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని చదువుతుంటే నేను టైపు చేశాను. తమ ఊళ్లో ఎడ్ల పోటీలు జరిగేనాటికి, తనతో పాటు గిత్తల్ని సాకిన ముసలి రైతులు నలుగురు మిగిలి ఉండగానే, ఆ పుస్తకం వాళ్ల చేతుల్లో పెట్టాలని ఆయన కోరిక. బొమ్మలు బాగా వస్తాయని గుంటూరులో ప్రెస్సు మాట్లాడుకున్నారు.

మామయ్య ఫ్లాపీ జేబులో పెట్టుకుని బస్సులో గుంటూరు వెళితే అక్కడ చదవలేదు. వెనక్కి తెస్తే మా దాంట్లో చక్కగా తెరుచుకుంది. చెమట తగిలి ఉంటుందన్నారు బావగారు. కొత్త ప్యాకెట్టు విప్పి మళ్లీ రాశాను, అదీ చదవలేదు. ఒకే ఫైలు రెండు ఫ్లాపీల్లో ఎక్కించాను, రెండూ అంతే. అప్పుడు బావగారు గడ్డం నిమురుకుంటూ, "డ్రైవరు పక్కన కూర్చున్నారా మామయ్యగారూ? ఇంజన్లో అయస్కాంతం ఉంటుంది, మొత్తం చెరిపేస్తుంది" అన్నారు. ఆ మాట నమ్మి మామయ్య, నడుం నొప్పితో ఎప్పుడూ ముందు సీటు వెతుక్కునే మనిషి, ఫ్లాపీని మెత్తటి గుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, చిట్టచివరి సీట్లో గుంటగుంటకీ ఎగిరిపడుతూ గుంటూరు దాకా వెళ్లొచ్చారు. అదీ అక్కడ తెరుచుకోలేదు. తిరిగొచ్చాక గుంటూరు మిరప ఘాటుకి ఎర్రబడ్డ కళ్లతో అరుగు మీద కూలబడి, "తప్పు నాదేనమ్మా, జాగ్రత్త చేతకాలా. ఈ పుస్తకం నాకు అచ్చొచ్చేట్టు లేదు, వదిలేద్దాం" అన్నారు.

ఆ వారమే ప్రింటరు బాగుచేయడానికొచ్చిన మెకానిక్కుతో ఈ గొడవంతా చెప్పుకున్నాను. అతను ఆశ్చర్యపోలేదు. ఫ్లాపీ పెట్టే డ్రైవులో చదివే, రాసే ముల్లు పక్కకి జరిగిందనీ, అందుకే అది రాసింది అదే చదువుకుంటుందనీ, మార్చమని ఎప్పుడో చెబితే బావగారే వద్దన్నారనీ మామూలుగా చెప్పేశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. బావగారు నవ్వారు.

"బాగు చేయిస్తే ఏమవుద్ది? ప్రతివాడూ ఫ్లాపీ జేబులో ఏసుకుని గుంటూరు పోతాడు. ఇక్కడే చదివితే ప్రింటూ ఇక్కడే తీయించుకుంటాడు. యాపారం అంటే అదే."

"మామయ్య కూడానా బావా?"

"ఆయన్నీ ఇక్కడే తీసుకోమన్నాగా. మాట ఇంటేగా."

అలా అంటూనే గోంగూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆ నమిలే నోటిని చూస్తుంటే నాకు అన్నం దిగలేదు. మజ్జిగ వడ్డిస్తున్న మా అక్క చెయ్యి ఆగింది.

"ఇంజను పక్కన కూర్చోవద్దని చెప్పింది మీరేగా?" అంది అక్క.

"ఏదో ఒకటి చెప్పాలిగా."

అక్క మజ్జిగ గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. షాపు సంగతుల్లో ఎన్నడూ తలదూర్చని మనిషి, మర్నాడు బావగారు ఆర్డర్ల కోసం చీమకుర్తి వెళ్లగానే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకొచ్చి మెకానిక్కుకి ఫోన్ చేయించింది. "కొత్తది బిగించండి. ఆయనొస్తే నేను చెప్పుకుంటా" అంది. కొత్త డ్రైవులో రాసిన ఫ్లాపీని అతని షాపుకి తీసుకెళ్లి అక్కడి కంప్యూటర్లో పెట్టి చూశాం. కిక్కురుమనకుండా తెరుచుకుంది.

మామయ్య మళ్లీ డబ్బా, గుడ్డ సిద్ధం చేసుకుంటుంటే అక్క ఆయన చేతిలోంచి గుడ్డ తీసేసింది. "ముందు సీట్లో కూర్చో మామయ్యా. ఇంజను ఏమీ చెయ్యదు" అంది. ఆయన అక్క మొహంలోకి చూశారు. అల్లుడి పనేనని అర్థమైంది. ఫ్లాపీ జేబులో వేసుకుని బయల్దేరారు. అల్లుణ్ని ఆ తర్వాత కూడా గారూ అనే పిలిచారు కానీ, ఆ గడప మాత్రం మళ్లీ తొక్కలేదు.

పుస్తకం పోటీల నాటికి వచ్చింది. చదవడం రాని రైతులు కూడా బొమ్మలో గిత్త మూపురం మీద వేలు పెట్టి తాము సాకిన గిత్తల పేర్లు చెబుతుంటే మామయ్య నిలబడి విన్నారు. బావగారు నాతో చాలాకాలం మాట్లాడలేదు, నాకూ ఆ లోటు తెలియలేదు. తర్వాత సీడీలొచ్చాయి, ఫ్లాపీలు చెత్తబుట్టకెక్కాయి, ముందు గది సెల్ రీచార్జి కొట్టయింది.

మామయ్య పోయారు. ఆ ముసలి రైతులూ లేరు. ఇప్పుడు పుస్తకమంతా రెప్పపాటులో ఎక్కడికైనా పంపేస్తున్నాం, నడుం నొప్పితో ఎవరూ బస్సెక్కనక్కర్లేదు. అది మంచిదే. కానీ ఏదైనా ఆగిపోయిందంటే ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో అంతు చిక్కదు. ఆ రోజుల్లో దారికి అడ్డం పడ్డవాడు మన పక్కనే కంచం ముందు కూర్చుని తినేవాడు. రోత పుట్టేది నిజమే. కానీ మా అక్కలాంటి మనిషి వడ్డించడం ఆపి, ఎదురుగా నిలబడి అడగడానికి వీలుండేది.